కాలివేళ్ళ కమిటీ

2024 ఆగస్టు పదకొండు, ఆదివారం. ఆ మధ్యాహ్నం బాపురావు జొన్నరొట్టెలు, గుత్తివంకాయ కూర, కాస్త పెరుగు తిన్నాడు. ఈ సంగతి అతని కన్నా అతని అక్క వసంతమ్మకు బాగా గుర్తు. పొద్దు గూకకముందే తమ్ముడికి చలిజ్వరం పట్టుకుంది. రెండు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటక కొట్టుకున్నాయి. తెల్లవారేసరికి ఎడమకాలు మోకాలి కింది నుంచి పాదం దాకా ఎర్రగా ఉబ్బి, చెయ్యి పెడితే పెనంలా కాలింది. అప్పటి నుంచి ఏ డాక్టరు ఎప్పుడు మొదలైందని అడిగినా, బాపురావు నోరు తెరిచేలోగా వసంతమ్మే జవాబు చెప్పేది: వంకాయ తిన్ననాటి సంది. డాక్టర్లు దాన్ని రాసుకునేవాళ్ళు కాదు. అది ఆమెకు చిన్నతనంగా ఉండేది.

కాలికి అలా కావడం అది మూడోసారి. మొదటిసారి కాకరకాయ తిన్నాడు, రెండోసారి శనివారం ఒక్కపొద్దు ఉన్నాడు. ఆ మాట బాపురావు గుర్తు చేస్తే, ఎప్పుడో తిన్న వంకాయ నెత్తుట్లో దాక్కుని ఉంటుందని ఆమె కొట్టిపారేసింది.

బాపురావు బీయస్సీ చదివాడు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో చెరకు రసం తీపి కొలిచే ఉద్యోగం చేశాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక పిల్లలకు లెక్కలూ సైన్సూ చెప్పాడు. భార్య భాగ్యలక్ష్మి పోయినప్పుడు, భీమ్‌గల్‌లో ఉండే వసంతమ్మ నెలరోజులు ఉండి పోతానని వచ్చింది. తర్వాత ఆ మాట ఆమే ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు. తమ్ముడి కన్నా ఎనిమిదేళ్ళు పెద్దది. ఆమె చేతి పప్పులో కొంచెం ఉప్పెక్కువ. ఇల్లు మళ్ళీ మనుషులున్న ఇల్లులా ఉండటానికి ఆ ఉప్పు ఏమంత ఎక్కువ కాదని బాపురావు అనుకునేవాడు.

రోజూ సాయంత్రం ఫ్యాక్టరీ గేటు ఎదురుగా ఉన్న హోటల్లో పాత ఉద్యోగులు చేరతారు. తాళం వేసిన గేటుకేసి చూస్తూ, లోపల ఇప్పటికీ షిఫ్టు నడుస్తున్నట్టే మాట్లాడుకుంటారు. బాపురావుకు రోజు మొత్తంలో అదే ఇష్టమైన వేళ. కాలు వాచిన ప్రతిసారీ చెప్పు పట్టక ఆ వేళ పోతుంది. ఈసారి నిజామాబాద్ ఆసుపత్రిలో అతన్ని చూసిన చర్మవ్యాధుల డాక్టరు స్నేహలత దాపరికం లేకుండా చెప్పింది. దీన్ని సెల్యులైటిస్ అంటారు. కాలివేళ్ళ సందుల్లో తడికి చర్మం చీరుకుంటే అక్కడి నుంచి సూక్ష్మజీవులు లోపలికి పోతాయి. వచ్చిన ప్రతిసారీ కాలు కొంచెం పాడవుతుంది. ఇంకోసారి వస్తే ఈ వాపు ఇక దిగకపోవచ్చు.

అంటే చెప్పు పట్టదు. అంటే గేటు లేదు. బాపురావు మనసులో లెక్క అక్కడికి చేరి ఆగింది.

ఆ ఏడు రాఖీ పండుగ ఆసుపత్రి మంచం మీదికే వచ్చింది. వసంతమ్మ బస్సెక్కి వచ్చి రాఖీ కట్టింది. సెలైను సూది ఉన్న చేత్తోనే బాపురావు లేచి అక్క కాళ్ళు మొక్కబోతే నర్సు కసిరింది. అతను మంచం మీది నుంచే వంగినంత వంగి, గాలిలో దండం పెట్టి, చేతులు కళ్ళకద్దుకున్నాడు.

ఇంటికి పంపేటప్పుడు స్నేహలత ఒక మాట అడిగింది. ఈ జబ్బు మళ్ళీ మళ్ళీ రాకుండా ఏం చేయాలో తేల్చడానికి ఆమె ఒక పరిశోధన మొదలుపెట్టబోతోంది. అది ఎలా జరగాలో డాక్టర్లే కూర్చుని నిర్ణయిస్తే సగం సంగతులు తెలియవు. కాబట్టి ఈ జబ్బు పడ్డవాళ్ళు కొందరు వచ్చి, ఏది కుదురుతుందో ఏది కుదరదో చెప్పాలి. బాపురావు వస్తాడా?

ల్యాబులో పనిచేసిన మనిషిని పరిశోధనకు పిలిస్తే రానంటాడా? ఇంటికి పోయి ఇస్త్రీ చొక్కాలు లెక్క చూసుకున్నాడు. వసంతమ్మ మాత్రం గుండెలు బాదుకుంది.

"డిగ్రీ చదివేటప్పుడు నువ్వు కప్పల కోస్తివి గద తమ్మీ," అన్నది. "గిప్పుడు నీ వంతొచ్చింది."

కోయడాలేమీ ఉండవని, అడుగుతారు, చెప్తామని, అంతేనని బాపురావు ఎంత చెప్పినా ఆమె నమ్మలేదు. డాక్టరుకు తెలియంది రోగికేం తెలుస్తుందన్నది ఆమె ప్రశ్న. వాడకట్టులో కూడా రకరకాలుగా అనుకున్నారు. అమెరికా మందు ఎక్కిస్తారని ఒకరు, కాలు మ్యూజియంలో పెడతారని ఇంకొకరు. హోటల్లో పాత ఉద్యోగులు మాత్రం అతనికి ప్రమోషన్ వచ్చినట్టే మాట్లాడారు.

దసరా పోయాక ఆసుపత్రిలో మొదటి సమావేశం. పొడుగాటి బల్ల చుట్టూ కుర్చీలు, ప్రతి కుర్చీ ముందు ఒక చిన్న స్టూలు. కాళ్ళు వేలాడేసి కూర్చుంటే వాపు ఎక్కువవుతుందని, పైకి పెట్టుకోవడానికి స్నేహలత వాటిని తెప్పించింది. ఎవరూ పెట్టలేదు. డాక్టరు ఎదుట ఆమెకేసి కాళ్ళు చాపుకుని కూర్చోవడం ఏం మర్యాద? ధర్పల్లి దగ్గరి పల్లెలో పసుపు పండించే చంద్రవ్వ తన స్టూలు మీద చేతిసంచి పెట్టింది. బోధన్ బజారులో టైలరు షరీఫ్ మడిచిన గొడుగు పెట్టాడు. బాపురావు సమోసాల ప్లేటు పెట్టుకున్నాడు.

చంద్రవ్వ మోకాలి దాకా పసుపు పట్టించి వచ్చింది. ఎరుపు ఎంతవరకు ఉందో చూద్దామని స్నేహలత వంగి, అటు తిప్పి ఇటు తిప్పి చూసి, ఏమీ కనిపించడం లేదే అంది.

"పసుపు పూసినంక ఎర్రగెట్ల కనవడతది బిడ్డా," అన్నది చంద్రవ్వ. "పచ్చగ కనవడతది."

స్నేహలత నవ్వి, తన ఆలోచన చెప్పింది. కొంతమందికి ఏడాది పాటు రోజూ ఒక మాత్ర ఇస్తారు. ఇంకొంతమంది మాత్ర లేకుండా రోజూ కాళ్ళు కడుక్కుని, వేళ్ళ సందులు తడి లేకుండా తుడుచుకుని, పూతమందు రాసుకోవాలి. ఎవరికి జబ్బు తక్కువగా తిరగబెడుతుందో చూస్తారు. అసలు పరిశోధనకు ముందు, ఈ తుడుచుకునే పద్ధతిని రెండు నెలలు కొందరు ఇళ్ళల్లో చేసి చూడాలి. ఇందులో కష్టమేమైనా ఉందా?

కష్టమేమీ లేదన్నారు ముగ్గురూ. మీరు చెప్పినంక కష్టమేముంటదన్నాడు షరీఫ్. స్నేహలత అదే ప్రశ్నను ఇంకోలా అడిగింది. అదే జవాబు. మొహమాటపడొద్దని, తప్పులు పట్టడానికే పిలిచానని చెప్పింది. మీ దాంట్ల తప్పేముంటదని చంద్రవ్వ ఆమెను ఓదార్చింది. ఆ పిల్ల ముఖం చూస్తే ఇంకేం అనబుద్ధి కాదు. రాత్రంతా డ్యూటీ చేసి వచ్చినట్టు కళ్ళ కింద నలుపు, జడలో నుంచి ఊడిన వెంట్రుకలు.

చివరికి ఆమె పెన్ను కింద పెట్టేసింది. అయితే రాత్రి పడుకునే ముందు తువ్వాలు తలకు చుట్టుకుని, కాళ్ళు అటక మీద పెట్టుకుని నిద్రపోవాలి, కుదురుతుందా అని అడిగింది.

కుదురుతుందన్నది చంద్రవ్వ. ఏ కాలు ముందు పెట్టాలని షరీఫ్ వినయంగా అడిగాడు. బాపురావు సైన్సు చదివినవాడు కాబట్టి వెంటనే ఒప్పుకోలేదు. తమ ఇంట్లో అటక ఎత్తు ఎంతుంటుందో మనసులో అంచనా కట్టి, ప్రయత్నిస్తానన్నాడు.

స్నేహలత నుదురు అరచేతిలో పెట్టుకుంది.

పోయేటప్పుడు అందరికీ తలో తువ్వాలు ఇచ్చింది. వేళ్ళ సందులు తుడుచుకోవడానికని ప్రత్యేకంగా తెప్పించినవి. తెల్లటి మెత్తటి నూలు, నీలం అంచు.

ఇంటికి రాగానే వసంతమ్మ ఆ తువ్వాలు చేతిలోకి తీసుకుని చెంపకు ఆనించి చూసింది. గింత మంచి తువ్వాలు కాళ్లకా అన్నది. తమ్ముడు జవాబు వెతుక్కునేలోగా అది బీరువాలో పట్టుచీరల మధ్యకు పోయింది. బాపురావు అడ్డుపడలేదు. తువ్వాలు బయట ఉన్నా లోపల ఉన్నా తేడా లేదని అతనికి అప్పటికే తెలుసు.

ఎందుకంటే అతని చెయ్యి అతని కాలివేళ్ళకు అందదు.

స్నానం చేశాక పాత తుండుగుడ్డతో మొదటిరోజే చేసి చూశాడు. కుర్చీలో కూర్చుని వంగితే పొట్ట అడ్డం వచ్చింది. కాలు ఎత్తి రెండో తొడ మీద వేసుకుందామంటే మోకాలు ఒప్పుకోలేదు. మంచం మీద వెల్లకిలా పడుకుని కాలు పైకి లేపితే, పాదం కనిపించింది గాని ఫ్యానంత దూరంలో కనిపించింది. అన్నం గరిటెకు గుడ్డ చుట్టి దూర్చబోయాడు. గరిటె జారి మంచం కిందికి పోయింది. దాన్ని తీయడానికి వంగలేక వసంతమ్మను పిలవాల్సి వచ్చింది. గరిటె అక్కడికి ఎందుకు పోయిందని ఆమె అడిగితే, ఎలుకను అదిలించానన్నాడు. ఆ వారమంతా ఇంట్లో ఎలుకల బోను పెట్టి ఉంది.

భాగ్యలక్ష్మి ఉన్నప్పుడు అతని స్నానం కాగానే పీట వేసుకుని కూర్చునేది. కాలు ఒళ్ళో పెట్టుకుని, ఇంటి సంగతులన్నీ సణుగుతూ, వేలు వేలుకూ తుడిచేది, గోళ్ళు తీసేది. పెళ్ళయిన కొత్తలో బాపురావు సిగ్గుపడ్డాడు. తర్వాత అలవాటు పడ్డాడు. ఆ తర్వాత ఆమె చేస్తున్నదన్న సంగతే మరిచిపోయాడు. ఆమె ఉన్నన్నాళ్ళూ ఈ జ్వరం ఒక్కసారి కూడా రాలేదన్న సంగతి, గరిటె మంచం కిందికి పోయిన రోజున గుర్తుకొచ్చింది.

ఇంట్లో ఉన్నది అక్క. నడుస్తూ నడుస్తూ పాదం అక్క చీర అంచుకు తగిలితేనే అతను వంగి తాకి కళ్ళకద్దుకుంటాడు. అలాంటి అక్క ఒళ్ళో కాలు పెట్టి వేళ్ళ సందులు తుడవమని ఏ నోటితో అడగాలి? అడిగితే ఆమె కాదనకపోవచ్చు. అదే అతనికి ఇంకా భయం.

చలికాలంలో రెండో సమావేశం. రోజూ తుడుచుకుంటున్నారా అని స్నేహలత అడిగింది. రోజూ అన్నది చంద్రవ్వ. షరీఫ్ కూడా అదే అన్నాడు. బాపురావు తల ఊపాడు. ఊపడం అబద్ధం కిందికి రాదని అప్పటికి అతని నమ్మకం.

స్నేహలత ముందున్న కాగితాలు తిరగేసింది. ఈ ముగ్గురే కాదు, తువ్వాళ్ళు తీసుకున్న మిగతావాళ్ళంతా ఇదే మాట చెబుతున్నారట. కానీ పాదాలు చూస్తే వేళ్ళ సందుల్లో అదే తడి, అవే చీలికలు. ఇంతమంది ఇంత శ్రద్ధగా తుడుచుకున్నా ఫలితం లేదంటే ఆ పద్ధతే పనికిరాదన్నమాట. కాబట్టి దాన్ని తీసేసి, మాత్రలు ఒక్కటే ఉంచి, హైదరాబాద్‌లో అనుమతి ఇచ్చే పెద్దలకు పంపేస్తానంది. ఆమె గొంతులో కోపం లేదు. అది ఉంటే బాపురావుకు కొంచెం నయంగా ఉండేది.

ల్యాబు మనిషికి ఇది అర్థం కాకుండా ఎలా ఉంటుంది? తీసుకురాని రసాన్ని తెచ్చామని చెప్పి, తీపి లేదని చెరకును తిట్టడమే ఇది. ఈ లెక్క తప్పు. తన కాలు మళ్ళీ వాచకుండా ఆపే దారి ఒకటుంటే, అది తన కళ్ళ ముందే, తను తల ఊపినందుకే మూసుకుపోతోంది. తన ఒక్కడి కాలు కూడా కాదు. బాపురావు గొంతు సవరించుకున్నాడు. అందరూ అతనికేసి చూశారు.

"టీ బాగున్నది," అన్నాడు.

బస్టాండులో ముగ్గురూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. బస్సు రాలేదు. కాసేపటికి షరీఫ్, ఎటో చూస్తూ, ఆ తువ్వాలు తన కుట్టుమిషను మీద కప్పానని చెప్పాడు. రోజుకు ఐదుసార్లు నమాజుకు ముందు కాళ్ళు కడుగుతాడు, వేళ్ళ మధ్యన వేలు పోనిచ్చి మరీ కడుగుతాడు. మళ్ళీ కడిగేదానికి తుడుచుడెందుకని తడికాళ్ళే బూట్లలో పెట్టి దుకాణానికి పోతాడు. చంద్రవ్వ తన తువ్వాల్లో కొత్తగా పుట్టిన మనవరాలిని చుట్టింది.

"నా కాలేళ్లు నేను సూడక శాన్నాళ్లాయె," అన్నది ఆమె. "ఉన్నయో లేవో మా కోడలు చెప్పాలె."

బాపురావు గరిటె కథ చెప్పాడు. బెంచీ ఊగేలా నవ్వారు. పక్కన కూర్చున్న మరాఠీ కుటుంబం భయపడి లేచి వేరే బెంచీకి పోయింది. నవ్వు తగ్గాక, ఇదంతా డాక్టరమ్మకు చెబితే బాగుండేదని బాపురావు అన్నాడు. మిగతా ఇద్దరూ ఒప్పుకోలేదు. పిల్ల మంచిది, కష్టపడుతోంది, తువ్వాళ్ళు కూడా ఇచ్చింది, ఎందుకు నొప్పించాలి? అంత దయగల మాట తీసేయడానికి బాపురావుకు మనసు రాలేదు. బోధన్ బస్సు వచ్చింది.

ఆ తర్వాతి ఆదివారం స్నేహలత చెప్పకుండా బోధన్ వచ్చింది. కాగితాలు పంపే ముందు ఒకటి రెండు ఇళ్ళల్లో ఎలా జరుగుతోందో చూడాలనిపించిందట. వేరే ఊరి ఫ్యాక్టరీకి పోయే చెరకు లారీల దుమ్ములో స్కూటీ మీద వచ్చి, ముఖమంతా బూడిద పూసుకున్నట్టుగా గుమ్మం ముందు నిలబడింది. వసంతమ్మ ఎవరినైనా గుమ్మంలో ప్రశ్నలు అడిగే మనిషి కాదు. ముందు చెంబుతో నీళ్ళిచ్చింది. కాళ్ళూ ముఖమూ కడుక్కోమంది. గబగబా లోపలికి పోయి బీరువా తెరిచింది. ఆ చప్పుడు విని బాపురావు కుర్చీలో నుంచి లేవబోయాడు. లేచేలోగానే ఆమె తువ్వాలు తెచ్చి డాక్టరు చేతిలో పెట్టింది.

స్నేహలత ముఖం తుడుచుకుంది. మెడ తుడుచుకుంది. కలరా ఉండల వాసనకు కాస్త ముక్కు చిట్లించి, తువ్వాలు మడత విప్పింది. నీలం అంచు చూసింది. మళ్ళీ చూసింది.

"ఇది..." అంది.

"మంచిగున్నదా అమ్మా?" అన్నది వసంతమ్మ మురిసిపోతూ. "గిదీన్ని ఎవ్వలను ముట్టనియ్య. మీ అసొంటోళ్లు వస్తెనే బయటికి తీస్త."

బాపురావు నేల చూశాడు. గోడ చూశాడు. చూడటానికి ఇంకేమీ మిగల్లేదు. స్నేహలత తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని, నవ్వాలా వద్దా అన్నట్టుగా పెదవులు బిగించి కూర్చుంది. తర్వాత మెల్లగా, ఎవరినీ నొప్పించని గొంతుతో అడిగింది.

"మరి సార్, మీరు దేంతో తుడుచుకుంటున్నారు?"

పాత తుండుగుడ్డతో అనేయొచ్చు. ఆమె నమ్ముతుంది, టీ తాగి పోతుంది, కాగితాలు పంపేస్తుంది. అక్క కూడా అక్కడే ఉంది, చెంబు చేత్తో పట్టుకుని. బాపురావు పాదాలు కుర్చీ కిందికి లాక్కున్నాడు.

"తుడుచుకుంటలేనమ్మా," అన్నాడు. "నా చెయ్యి అందది. మా ఇంటామె ఉన్నప్పుడు ఆమె తుడిసేది."

స్నేహలత వసంతమ్మ వైపు చూసింది. చూపులో ఉన్న ప్రశ్న బాపురావుకు తెలిసింది.

"అక్క నాకంటె పెద్దది," అన్నాడు, అంతకంటే తక్కువ గొంతుతో.

ఆమె ఇంకేమీ అడగలేదు. కాలు చూపించమని కూడా అనలేదు. అది బాపురావు ఎప్పటికీ మరిచిపోలేని మర్యాద. సార్, ఇన్నాళ్ళ నుంచి నేను అడుగుతున్నది ఈ మాటే, అని మాత్రం అంది. ఈ మాటను అందరి ముందూ ఇంకోసారి చెప్పమంది. వసంతమ్మ ఒక్క ముక్క మాట్లాడకుండా టీ పెట్టడానికి లోపలికి పోయింది. డాక్టరు వెళ్ళాక కూడా మాట్లాడలేదు. ఆ రోజంతా, ఆ తర్వాతి రోజుల్లోనూ అన్నం పెట్టింది, కూర వడ్డించింది, మాట మాత్రం లేదు. ఇంటి సంగతి బయటి మనిషి ముందు పెట్టినందుకు అక్క మనసు నొచ్చుకుందని బాపురావు అనుకున్నాడు. పప్పులో ఉప్పు కూడా తగ్గింది.

మూడో సమావేశంలో ముందు నోరు తెరిచింది అతనే. లేచి నిలబడి, తరగతిలో పాఠం చెప్పినట్టుగా, తన చేతికీ కాలికీ మధ్య ఉన్న దూరం గురించి చెప్పాడు. గరిటె కూడా దాచలేదు. అతను కూర్చోగానే చంద్రవ్వ లేచింది. ఆమె కూర్చోకముందే షరీఫ్ లేచాడు. స్నేహలత రాసుకోలేక చెయ్యి విదిలించుకుంటూ, ఒక్కొక్కరు, ఒక్కొక్కరు అనాల్సి వచ్చింది.

షరీఫ్ ఊరికే రాలేదు. మెత్తటి పాత ధోవతి గుడ్డను సన్నని పొడుగాటి పట్టీగా కుట్టి తెచ్చాడు. రెండు కొసలూ రెండు చేతుల్తో పట్టుకుని, నడిమి భాగం వేళ్ళ మధ్య పెట్టి, బూటుకు పాలిష్ పట్టినట్టు ఇటూ అటూ లాగాలి. అప్పుడు వంగే పనే ఉండదు. పరీక్షించడానికి బాపురావు కాలు కావాల్సి వచ్చింది. అతను మొదటిసారి ఆ గదిలో స్టూలు మీద కాలు పెట్టాడు. షరీఫ్ పట్టీ లాగాడు. బాపురావుకు ఇంత కితకితలున్నాయని అతనికే తెలియదు. కుర్చీలో మెలికలు తిరిగి, వద్దు షరీఫ్ భాయ్ అంటూ, కళ్ళల్లో నీళ్ళు వచ్చేలా నవ్వాడు. గట్టిగా లాగుమని చంద్రవ్వ వెనక నుంచి ప్రోత్సహించింది. ఏం జరిగిందోనని నర్సు తలుపు తీసి చూసి, మళ్ళీ వేసేసింది.

పట్టీ బొటనవేలి పక్కన బాగానే పనిచేసింది. చిటికెన వేలి దగ్గరికి వచ్చేసరికి దూరలేదు. వాచిన కాలిలో చిటికెన వేలూ దాని పక్క వేలూ ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. చీలిక ఉన్నది కూడా అక్కడే. అక్కడికి ఇంకో మనిషి చెయ్యి కావాల్సిందే.

కాబట్టి స్నేహలత కాగితాలు తిరగరాసింది. తుడుచుకునే పద్ధతి పరిశోధనలో ఉంటుంది. మొదటి ప్రశ్న ఇక నుంచి తుడుచుకున్నారా అని కాదు, చెయ్యి అందుతుందా, అందకపోతే ఎవరు తుడుస్తారు అని. ఆ తుడిచే మనిషిని కూడా పిలిచి నేర్పిస్తారు. మీ ఇళ్ళల్లో ఎవరని ఆమె అడిగింది. తన కోడలు తుడుస్తుంది గాని వాడకట్టంతా చెప్పుకుంటుందని చంద్రవ్వ అన్నది. తన భార్య జహీరున్నీసా తుడుస్తానంటోంది గాని, ముందు ఆమె కాళ్ళు అతను తుడవాలని షరతు పెట్టిందని షరీఫ్ చెప్పాడు. బాపురావు వంతు వచ్చింది. చూద్దాం అన్నాడు. స్నేహలత ఆ మాటనే రాసుకుని, పై ప్రశ్న వేయకుండా ముందుకు పోయింది.

ఆ రాత్రి అన్నం తింటూ అతను అక్కకు జరిగిందంతా చెప్పాడు. ఎవరూ లేనివాళ్ళకు నర్సు వారానికోసారి వస్తుందట, అది చాలదు గాని ఏమీ లేనిదానికన్నా నయమట. ఈ మాటలు గోడతో చెప్పినట్టే చెప్పాడు. వసంతమ్మ మజ్జిగ పోస్తూ వింది. చాలా రోజులకు నోరు తెరిచింది.

"ఎప్పుడు తుడవాల్నంట? పొద్దుగాలనా, పండెటప్పుడా?"

స్నానం చేసినప్పుడల్లా తుడవాలి, పడుకునే ముందు మాత్రం తప్పదన్నాడు బాపురావు. ఆమె ఊఁ అన్నది. కంచాలు తీసుకుని వెళ్ళిపోయింది.

అతను కాళ్ళు కడుక్కుని, దులిపినంత దులిపి, తన గదిలో పడుకున్నాడు. దీపం తీసేశాడు. ఇంకా నిద్ర పట్టలేదు. పక్కింట్లో టీవీ వార్తలు వినిపిస్తున్నాయి. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. కాసేపటికి చీర గరగర వినిపించింది. గుమ్మంలో ఆగింది. తర్వాత లోపలికి వచ్చింది.

బాపురావు గట్టిగా కళ్ళు మూసుకున్నాడు.

ఆమె కాళ్ళవైపు మంచం మీద కూర్చుంది. దుప్పటి కొస ఎత్తింది. ఎడమ పాదం కింద చెయ్యి వేసి, బరువైన వస్తువును ఎత్తినట్టు ఎత్తి, ఒళ్ళో పెట్టుకుంది. బాపురావు లేచి కాలు లాక్కోవాలి. లాక్కుంటే మేలుకున్నట్టు. మేలుకుంటే ఇది అక్క చేయగూడని పని, తమ్ముడు చేయించుకోగూడని పని. నిద్రలో ఉన్నవాడికి ఏమీ తెలియదు. తెలియనిదానికి తప్పు లేదు. అతను మెల్లగా గురక మొదలుపెట్టాడు.

కలరా ఉండల వాసన వేసే మెత్తటి నూలు తువ్వాలు బొటనవేలి పక్కన దూరింది. తర్వాత రెండోది. ఆమె తొందరపడలేదు. చంటిపిల్లల చెవులు తుడిచే చేత్తో తుడిచింది. అతనికి కితకితలు పుట్టాయి. గురక మధ్యలో తెగింది. మళ్ళీ అతికించి, ఇంకొంచెం పెద్దగా పెట్టాడు. చిటికెన వేలి దగ్గరికి వచ్చేసరికి వేళ్ళు వాటంతటవే ముడుచుకున్నాయి.

"ఏలు సాపు తమ్మీ," అన్నది వసంతమ్మ.

గురక ఆపకుండానే బాపురావు వేలు సాచాడు.

ఆమె అక్కడ కూడా తుడిచింది. మందు రాసింది. పాదాన్ని తిరిగి మంచం మీద పెట్టి, దుప్పటి కప్పి, కొస లోపలికి దోపింది. లేచేటప్పుడు మోకాళ్ళు పట్టేస్తే మంచం పట్టె ఊతంగా పట్టుకుంది. గుమ్మం దాకా పోయింది. ఆ తలుపుకు కీచుమనే అలవాటుంది. ఆమె దాన్ని రెండు చేతుల్తో కొంచెం పైకెత్తి పట్టుకుని, చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.